మంగ ఇంటి బడి

సూరత్, బమ్రోలిలో మూడో అంతస్తు అద్దె గది. మంగ చీరల వెనుక వేలాడే దారాలు కత్తిరిస్తోంది. పక్కన తొమ్మిదేళ్ల కూతురు కోమలి. మంగ భర్త లింగానికి అక్క లలితమ్మ, జోల్వా నుంచి చూడవచ్చింది.

“బడి మాన్పిచ్చినవ్, సరే. మల్ల సదువెట్ల మంగా?”

“నేనే చెప్తున్న వదినె.”

“నువ్వా?”

“ఏడు దాక సదివిన కద. పక్క గది రాజమల్లన్న ఊరికి పోయినప్పుడు మన సర్కారు బడి తెలుగు పుస్తకాలు తెచ్చిచ్చిండు. హిందీయి పాత కాయిదాలమ్మే రద్దీ దుకాణంల దొరికినయి. నాకు రాని పాఠముంటె ఫోన్ల పెట్టి ఇద్దరం సూస్తం.”

“గుజరాతీ?”

“కింద దుకాణాల బోర్డులున్నయి. కూరగాయలకు పోతె అన్నీ సదివిస్త. బస్సు మీద పేరు సదివినంకనే ఎక్కుతం.”

“లెక్కలో?”

“గీ చీరల కట్టలే. కట్టకు పన్నెండు. ఎన్ని కట్టలైతె ఎన్ని చీరలు, అవే ఎక్కాలు. రొట్టె తుంచితె సగం, పావు. దారం కొలిస్తె మీటరు, సెంటీమీటరు. ఉధ్నాల రైలెక్కితె మనూరు దాక ఏ స్టేషనొస్తదో రాయిపిస్త. జల్గావ్, భుసావల్, వర్ధా... ఏడ ఏ నది, ఏడ ఏ భాష. కప్పుల మెంతులేసి మొలక జూపిచ్చిన. గంతే వదినె. పొద్దు పోతది.”

“కోమలీ, జర చెప్పు బిడ్డా. ఎనిమిదేడులెంత?”

“యాభై... నాలుగు అత్తా.”

“అయ్యో.”

“నువ్వుండు వదినె, నేను చెప్త. కోమలీ, ఎనిమిదైదులెంత?”

“నలభై.”

“ఇంక రెండు ఎనిమిదులు కలుపు. వేళ్ల మీద గాదు, మనసుల.”

“యాభై ఆరు అమ్మా.”

“ఆఁ. మల్లొకసారి చెప్పు.”

“యాభై ఆరు.”

“మంగా, ఒక మాటంట, కోపం జెయ్యకు.”

“కోపమెందుకు.”

“మా పక్కింటోళ్ల బిడ్డ దీని కంటె చిన్నది. భాగారాలు జేస్తది.”

“జెయ్యనీ.”

“పిల్ల ఎనకపడుతది. జూన్ల బడికి తోలు.”

“ఆయిన పంపిండా నిన్ను?”

“పంపలే. తమ్ముడే మగ్గాల సాంచెల కాడి నుంచి ఫోన్ జేసిండు. కొడుకును తల్సుకొని ఏడ్చిండు.”

“చాయ్ పెట్టాల్నా వదినె?”

“చాయొద్దు. నిరంజన్ పోయి ఏడాది దాటె, మంగా.”

“పాలు గూడ ఉన్నయి.”

“వాడు బడికి పోతు రోడ్డు దాటంగ టెంపో తగిలె. అది బడి తప్పు గాదు, నీ తప్పు గాదు. కొడుకు పోయిండని బిడ్డను గూడ...”

“నేనాపలే వదినె. దీనికే భయం. బడి పేరెత్తితె కడుపునొప్పంటది. అదే పోనన్నది. అడుగు.”

“నిజమేనా కోమలీ?”

“నిజమే అంటది.”

“దాన్ని చెప్పనీ మంగా.”

“నిజమే అత్తా.”

“ఇన్నవా? చీరల సేఠ్ మనిషి కింది నుంచి పిలుస్తుండు, కట్టలిచ్చొస్త. కోమలీ, అత్తకు మంచినీళ్లియ్యి.”

“...పోయిందా మీ అమ్మ?”

“మెట్లు దిగుతుంది అత్తా.”

“ఇటు రా. నాకు చెప్పు. అన్నను తల్సుకుంటె భయమైతదా?”

“ఏడుపొస్తది. భయం గాదు.”

“మరి రోడ్డు?”

“బాపుతోని రోజు దాటుత కద, పాలకు.”

“మల్ల బడికెందుకు పోవు?”

“పోయిన అత్తా. అన్న పోయినంక ఒక వారం పోయిన. సాయంత్రం ఇంటికొస్తె, అమ్మ పొద్దుగాల ఏడ కూసుందో ఆడనే ఉండె. అన్నం గిన్నె మూత గూడ తియ్యలే.”

“రోజు గట్లనేనా?”

“రోజు.”

“గందుకని కడుపునొప్పంటివా?”

“బాపుకు చెప్పకు.”

“చెప్ప. కాని నీ సదువు పోతది కద బిడ్డా. ఎక్కాలు గూడ వస్తలేవాయె.”

“వస్తయి. ఇరవై దాక వస్తయి. అడుగు.”

“పదిహేడారులు?”

“నూటరెండు.”

“పద్నాలుగెనిమిదులు?”

“నూటపన్నెండు.”

“మరి ఇందాక తప్పెందుకు చెప్పినవే?”

“అన్నీ కరెక్ట్ చెప్తె అమ్మ సప్పుడు చెయ్యదు అత్తా. తప్పు చెప్తెనే మాట్లాడుతది.”