మరియమ్మకు వడిబియ్యం

(నాచారంలో చర్చి విచారణ కింద నడిచే బడి. అక్టోబరు సాయంత్రం, పిల్లలు వెళ్ళిపోయారు. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఆగ్నెస్, ఆయా వెంకటనర్సమ్మ. బల్ల మీద ఒక సంచీ, పక్కన మూరెడు ఎత్తు మరియమాత స్వరూపం.)

“సంచీలో దువ్వెన ఎందుకు నర్సమ్మా?”

“ఉండనియ్యుండ్రి సిస్టరమ్మా. నిన్నటి ఇంట్ల ఇచ్చిన్రు.”

“మాత స్వరూపం జుట్టు దువ్వుకుంటుందా?”

“దువ్వుకోకుంటే మానె. ఆడామె బయలెల్లుతుంటే దువ్వెన లేకుంట పంపుతమా?”

“బయలెల్లడమేమిటి తల్లీ! జపమాల నెల కదాని రోజుకో పిల్లవాడి ఇంటికి పంపుతున్నాం. రాత్రి ఉండి పొద్దున్నే బడికి వచ్చేస్తుంది. మొదటి రోజు సంచీలో ఏముంది? స్వరూపం, కొవ్వొత్తి, జపమాల. ఇప్పుడు ఎత్తితే భుజం జారిపోతోంది.”

“మరి ఇంటింట్ల ఇచ్చి పంపుతున్రు గద.”

“తియ్యి, అన్నీ బయటికి తియ్యి. ఇవేంటి?”

“గాజులు. మౌలాలిల గీతికోళ్ళమ్మ పెట్టింది.”

“చేతులు జోడించుకున్న స్వరూపానికి గాజులు ఎలా ఎక్కిస్తారు?”

“ఎక్కలే. గందుకే సంచిల ఏసిన్రు.”

“ఇది?”

“రవిక గుడ్డ. ఇది గూడ. ఇగో, ఇది గూడ... నవ్వకుండ్రి సిస్టరమ్మా.”

“నేనెక్కడ నవ్వాను! మాత పాదాలకు ఈ పసుపు ఎవరు రాశారు?”

“విక్రమ్‌గాని నాయనమ్మ. ఇంటికొచ్చిన ఆడిబిడ్డ కాళ్ళు ఉత్తగ ఉంటయా అన్నదంట.”

“ఫాదర్ చూసి ఏమన్నారో తెలుసా? ‘సిస్టర్, మన మాతకు కామెర్లా?’ అన్నారు.”

“అయ్యో! కోపమొచ్చిందా?”

“కోపమా! నవ్వీ నవ్వీ కళ్ళజోడు తుడుచుకున్నారు. మన బడి ఆటో నడిపే సాంబయ్య మరీనూ, మాతను వెనక సీట్లో కూచోబెట్టి, తను చెప్పులు విప్పి ఉప్పల్ దాకా నడిపాడట.”

“సిగ్నల్ కాడ పోలీసాయన తొంగిజూసిండంట సిస్టరమ్మా! సవారీ ఎవరని. సూసి, టోపీ దీసి దండం వెట్టి పొమ్మన్నడంట.”

“సరే సరే. ఈ మూటల్లో బియ్యం ఏమిటి?”

“వడిబియ్యం. ఆడిబిడ్డ పుట్టింటికొచ్చి పోతుంటే ఒడిల పోసి పంపుతం. మీ గుంటూరు దిక్కు లేదా?”

“ఉంది. కానీ మరియమ్మకా?”

“ఏం, ఆమెకు తల్లిగారిల్లు లేదా?”

“ఉంది. అన్నమ్మ ఆవిడ తల్లి.”

“ఆ అన్నమ్మ ఈడ లేకపాయె. మేం పోస్తున్నం.”

“సరే, పొయ్యండి తల్లీ. ఆగు, ఆగు. ఈ రోజు వంతు ప్రజ్ఞ వాళ్ళది. ఇంటికి రంగులేస్తున్నారు, వద్దని వాళ్ళమ్మ ఫోన్ చేసిందిగా. మరి నువ్వెక్కడికి సర్దుతున్నావు?”

“ఏడికో ఒకాడికి.”

“నర్సమ్మా.”

“దగ్గర్నే. మల్లాపూర్ తొవ్వల.”

“అది మీ ఇల్లు కదూ?”

“... గటుదిక్కే.”

“మన బడి పిల్లలున్న ఇంటికే పంపాలి. పొద్దున ప్రార్థనలో ఆ పిల్లదో పిల్లాడిదో పేరు చదివితే, అందరూ ఆ ఇంటికోసం మంగళవార్త జపం చెప్తారు. నీకు తెలియనిదా? మీ ఇంట్లో పిల్లలెవరున్నారు?”

“ఇల్లు ఊడ్సి తుడిసిన. ముగ్గేసిన. మంచి బియ్యం తెచ్చిన.”

“పిల్లలెవరని అడిగాను.”

“పాయసం గూడ వండుత. మీకు డబ్బల తెస్త.”

“లంచమా!”

“లంచం గాదు, పాయసం.”

“అబ్బ, నవ్వించి చంపుతావు! జూన్‌లో వచ్చాను ఈ బడికి, నీలాంటి మొండిదాన్ని ఎక్కడా చూళ్ళేదు. తీసుకెళ్ళు. ఫాదర్‌కి నేను చెప్పుకుంటాలే.”

“నిజంగ? నిజంగ ఇస్తున్రా? ఒట్టు?”

“సిస్టర్లు ఒట్టు పెట్టరు. ఏయ్, గెంతకు, గెంతకు, మాత చేతిలో ఉంది! ఈ వయసులో ఆ గంతులేమిటి! కానీ పేరొకటి కావాలి నర్సమ్మా. రేపు పిల్లల ముందు ఎవరి పేరు చదవమంటావు?”

“రాణి అని సదువుండ్రి. నా బిడ్డ. మన బళ్ళెనే ఐదు దాక సదివింది. పెండ్లయినంక వడిబియ్యానికి పిలిసినం. జరం తగ్గినంక వస్తనే అమ్మా అన్నది ఫోన్ల. రాలే సిస్టరమ్మా. రెండో కరోనాల, రెండువేల ఇరవై ఒకటి, మే నెల.”