తెల్ల చుక్క, పసుపు చుక్క

1988 ఆగస్టు పదహారవ తేదీన ఆమె మన కీటక పరిశోధన సంస్థలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. "మీ అక్క చదివిన చదువంతా కందిరీగల వీపున రంగు పూయడానికేనటమ్మా, పైగా అందుకు జీతం కూడా ఇస్తారట" అని ఆ సాయంత్రమే పక్కింటావిడ ఆమె చెల్లెలి చెవిన వేసిందట. చెల్లెలు ఆ మాట మోసుకొస్తే, "అందులో అబద్ధమేముందే?" అని ఆమె నవ్వేశారట. 'రంగులమ్మ' అన్న పేరు అలా ఇంట్లో పుట్టి ఆఫీసులో స్థిరపడింది.

వెనుక వరండా కిటికీలకు వేలాడే గూళ్ల ముందు స్టూలు వేసుకుని, ప్రతి కందిరీగ వీపునా అగ్గిపుల్ల మొనతో ఒక్కో రంగు చుక్క పెట్టి, ఏది గుడ్డు పెట్టిందో, ఏది మేత తెచ్చిందో, ఏది ఊరికే కూర్చుందో రాసుకోవడం ఆమె నిత్యవిధి. సొంతంగా గుడ్లు పెట్టగలిగిన కందిరీగ, తోబుట్టువు గూట్లోనే ఉండిపోయి దాని పిల్లలను ఎందుకు సాకుతుందన్నది ఆమె జీవితకాలపు ప్రశ్న. చెల్లెలి ఇంట్లోనే ఉంటూ, నర్సుగా పనిచేసే ఆ చెల్లెలు షిఫ్టుకు వెళితే, ఆమె ఇద్దరు పిల్లలకు జడలల్లి బడికి పంపి ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది కూడా ఈ పెద్దమ్మే.

1995లో, పదోన్నతికి ఆధారమైన పరిశోధన పత్రం డైరెక్టరుగారి బల్ల మీదకు చేరాక, ఒక ఉదయం ఒకే గూటి మీద రెండు పసుపు చుక్కలు పక్కపక్కన కనిపించాయి. ఎండకు తెల్ల రంగు పసుపెక్కి, రెండు కందిరీగలు నోటుపుస్తకంలో ఒకటైపోయాయి. ఆమె తిన్నగా వెళ్లి ఆ మాట చెప్పేశారు.

"ఒక్క చుక్కే కదమ్మా, ఎవరు చూస్తారు?" అన్నారాయన.

"నేను చూశానండీ."

పత్రం వెనక్కి వచ్చింది. పదోన్నతి నాలుగేళ్లు ఆగింది. రంగు మార్చి, మొదటినుంచి మళ్లీ చుక్కలు పెట్టిన ఆ నాలుగేళ్లలోనే అసలు సంగతి తేలింది: ఒంటరి తల్లి మేతకు వెళ్లిన వేళ గూడు చీమల పాలవుతోంది, తోబుట్టువులు కాపున్న గూట్లో పిల్లలు రెక్కలొచ్చి ఎగురుతున్నాయి. కలిసి బతికే గుణం తరతరాలుగా బలపడటానికి ఈ కాపలా కూడా ఒక కారణమై ఉండాలని ఆమె రాశారు. 1999లో అదే పత్రంతో శాస్త్రవేత్త అయ్యారు.

ముప్పై ఆరేళ్ల సేవానంతరం విశ్రాంతికి వెళుతున్న ఆమెకు చెక్కుచెదరని ఆరోగ్యమూ, సన్నని చుక్కను సైతం పట్టే చూపూ, నిండు నూరేళ్లూ దక్కాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ నూరేళ్లూ ఎక్కడ గడుపుతారన్నదే ఇంకా తేలలేదు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇంకా అడ్డమెందుకని ఆఫీసు వెనుక వీధిలో ఒంటిగది మాట్లాడుకున్నారు. పోయిన వారం ఆ సంగతి తెలిసి చెల్లెలుగారు నర్సు దుస్తుల్లోనే వరండాలోకి వచ్చి, మా అందరి ముందూ నిలేశారు.

"సరే అక్కా, వెళ్లు. విడిగా పోయి ఒక్కత్తే గూడు కట్టుకున్న వాటి గతేమవుతుందో ముందు వీళ్లకు చెప్పు."

ఆమె రంగు సీసాకు మూత బిగించారు.

"చాలావరకు నిలవవు."