లోపలి నంబరు

అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో భార్యాభర్తలు. కింద టైలర్ కుటుంబం సామాను బండికెక్కిస్తోంది.

“కుట్టుమిషన్ కూడా ఎక్కించేశారు. ఒక్కసారి చూడండి.”

“ఏం చూడాలి? పీడ విరగడైంది. ఆ మొహం చూస్తేనే నాకు వాంతి వస్తోంది.”

“నాకూ వస్తోంది.”

“మరి! డాబా మీద కెమెరా పెట్టింది నీళ్ళ మోటారు కోసం. ఫోన్లోంచి దాన్ని తిప్పి, ఎదురు హాస్టల్ ఆడపిల్లల గదిలోకి చూస్తాడా? ఛీ.”

“అతనే అని ఎలా తేల్చారు?”

“ఎన్నిసార్లు చెప్పాలి నీకు? తిప్పిన ఫోన్ ఐపీ అడ్రసు కెమెరాలో పడింది. 192.168.1.14. వాడి ఫోన్ తీసి అందరికీ చూపించాను, అదే నంబరు. సెక్రటరీగా ఇంకేం చెయ్యాలి?”

“అతనింట్లో, అతని వైఫై మీద చూశారు.”

“అయితే?”

“మొన్న చెల్లి వాళ్ళింట్లో నా ఫోన్‌కీ అదే వచ్చింది. చివర పద్నాలుగుతో సహా.”

“నీకు... నీకెందుకివన్నీ?”

“కెమెరా బిగించినతన్ని అడిగాను. అవి ఇంటి లోపలి నంబర్లట. ఏ ఇంటి వైఫై డబ్బా ఆ ఇంటి ఫోన్లకి పంచుతుందట. ఆ పద్నాలుగు ఎన్ని ఇళ్ళల్లోనైనా ఉండొచ్చట.”

“సరే, పొరపాటే అనుకో. ఇప్పుడెళ్ళి అందరికీ చెప్పమంటావా? నా పరువేం కావాలి?”

“అతని పరువో? కుట్టమని ఇచ్చిన బట్టలు లాక్కుని, వాళ్ళావిడ మొహాన ఉమ్మేసి వెళ్ళారు ఆ పిల్లలు. మీరూ అక్కడే ఉన్నారు.”

“ఉన్నాను. ఇక వదిలెయ్. కాఫీ పెట్టు.”

“కెమెరా ఏ వైఫై మీద నడుస్తోంది?”

“మనదే. తెలుసుగా.”

“టైలర్‌కి పాస్‌వర్డ్ ఇచ్చారా?”

“వాడికా? వాడికే కాదు, ఎవ్వరికీ ఇవ్వలేదు. అంత వెర్రివాడిలా కనిపిస్తున్నానా?”

“బయట ఎక్కణ్ణుంచో చూస్తే బయటి నంబరు పడుతుందట. లోపలి నంబరు పడిందంటే, చూసినవాడు మన వైఫై మీదే ఉన్నాడట.”

“ఆ బిగించేవాడికేం తెలుసు? వాడు... వాడొట్టి...”

“అందరి ఫోన్లూ అడిగి చూశారు. మీదెవరూ అడగలేదు, సెక్రటరీగారు కదా.”

“నెమ్మదిగా మాట్లాడు.”

“ఈ ఇంట్లో ఉండేది మనిద్దరం. నేను కాదు.”

“కిటికీ ఎందుకు తీస్తున్నావు? ఆగు. ఏయ్, నా మాట విను, ఒక్క నిమిషం...”

“చెయ్యి తియ్యి. నన్ను ముట్టుకోకు, ఒళ్ళు కంపరమెత్తుతోంది. అన్నయ్యా, సామాను దించెయ్యండి. ఆ పిల్లల గదిలోకి చూసింది మా ఆయన.”