బడిలో దొరకని పిల్లలు

పరిశోధన చేస్తున్న అమ్మాయి, రిపోర్టు తన గైడు మేడమ్ చేతికిచ్చి, ఆవిడ బల్ల ముందు నిలబడే ఉంది.

"ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్నది కదా నీ ప్రశ్న. మరి ఎవర్నడిగావు?"

"బడికెళ్ళి, క్లాసుల్లో ఉన్న ఆడపిల్లలందర్నీ అడిగాను మేడమ్."

"మానేసినవాళ్ళు క్లాసులో ఎలా దొరుకుతారు తల్లీ?"

ఆ పిల్ల రిపోర్టు వెనక్కి తీసుకుంది.

"ఇళ్ళకెళ్ళి మళ్ళీ అడుగుతాను మేడమ్. ఈ రిపోర్టు చూసే మా ఊరికి బస్సు వేయాలో వద్దో తేలుస్తారట. మా చెల్లి బస్సు లేకే మానేసింది."

"అంత టైమెక్కడిది? రేపే ఇవ్వాలి. ప్రశ్న మార్చెయ్. ఆడపిల్లలు బడికి ఎందుకు వస్తున్నారని పెట్టు. ప్రశ్న, పద్ధతి, జవాబు మూడూ చక్కగా అతుకుతాయి."

"మరి బస్సు మేడమ్?"

"నువ్వడిగినవాళ్ళందరూ బడికి వస్తున్నవాళ్ళేగా. ఇంక బస్సు దేనికమ్మా?"