గిలకలదిండి రేవులో ధర్మారావుగారి ట్రాక్టరు

ఆ సాయంత్రం ముసురు పట్టి, బందరు బస్టాండు పక్కన వెంకటస్వామి టీ కొట్లో అందరం చిక్కుకుపోయాం. అవనిగడ్డ వైపు రైతు అంకమ్మరావుగారు చిన్న ట్రాక్టరు కొంటున్నారనీ, మంచి డ్రైవరు కోసం చూస్తున్నారనీ తెలిసి, కృపావరం ఆయనకెదురుగా వచ్చి కూర్చున్నాడు. మోపిదేవి దగ్గర ధర్మారావుగారి ట్రాక్టరు తోలినవాడతను. ఆయన పొలాలమ్ముకుని వెళ్లిపోయాక పనిలేక తిరుగుతున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాదండీ. చప్పుడు వింటే ఇంజనుకేం కావాలో తెలుస్తుంది, అంతే. తెల్లారగానే ఎయిర్ క్లీనరు విప్పి, దాని అడుగున దుమ్ము పట్టిన మురికి నూనె పారబోసి కొత్తది పోసేవాణ్ణి. మా ఆవిడ సంతోషమ్మ పాత చీర మడతలేసి వడకట్టందే డీజిలు పోసేవాణ్ణి కాదు. అదెంత తేటగా ఉండేదంటే, ధర్మారావుగారి భార్య మాణిక్యమ్మగారు అందులో మొహం చూసుకుని బొట్టు పెట్టుకునేవారు."

"ఆవిడకి చూపు తక్కువ కదయ్యా," అన్నాడు వెంకటస్వామి.

"అందుకేగా. అద్దంలో ఆనేది కాదు, ఇందులో ఆనేది. అంత చూసుకున్నా, కొన్న యేడాది తిరక్కుండానే గేర్లు మొరాయించాయి. గ్యారంటీ ఉంది కదా అని ఏజెంటుకి కబురు పెడితే, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, గట్టు దిగకుండానే, 'బురదలో దింపారు, గ్యారంటీ వర్తించదు' అన్నాడు. వరిచేను దున్నడానికి కొన్న బండి బురదలో దిగక మేడెక్కుతుందా అండీ? సరే, నేనే విప్పాను. 'మా మనిషి కాకుండా ఇంకొకరు విప్పారు, ఇప్పుడసలే వర్తించదు' అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేర్ల దగ్గర అరిగిన బుష్షు గుడివాడ లేతు షాపులో కొత్తది చేయించి బిగించాను. అప్పట్నుంచి దానికి డీజిలే అక్కర్లేకపోయింది. వాసన చూపిస్తే ఎకరం దున్నేది. నూనె మార్చే రోజొస్తే ఎవరూ తోలకుండానే వచ్చి మా గుమ్మం ముందు నిలబడేది. మా ఆవిడ చుట్టాలొచ్చారనుకుని కాళ్లకి నీళ్లిచ్చేది."

"నాలుగు కాళ్లకీనా?" అన్నారు అంకమ్మరావుగారు. నవ్వలేదు గానీ అతనికింకో టీ చెప్పారు.

"నాలిగింటికీనండీ. ఈ సంగతి తెలిసి గిలకలదిండి వాళ్లు వచ్చి బతిమాలి తీసుకెళ్లారు. రేవులో ఓ పడవ బురదలో దిగబడిపోయింది. మోకు కట్టాను, క్లచ్చి వదిలాను. పడవొచ్చింది. పడవతో లంగరొచ్చింది, లంగరుకి తగులుకుని రేవొచ్చింది, రేవు వెనకాలే సముద్రం. నేను వెనక్కి చూసుకోలేదు, మూడో గేరులో ఉన్నాను కదా. ఊళ్లోకొచ్చాక జనం కేకలేస్తే ఆపాను. అప్పటికే అరుగుల మీద చేపలు ఎగురుతున్నాయి. మళ్లీ రివర్సు గేరేసి నెట్టుకెళ్లానండీ. అయినా పూర్తిగా పోలేదు, సముద్రం రెండు బారలు ఇవతలే ఉండిపోయింది."

చూరు కింద చేపల గంప దించుకుని బస్సు కోసం నిలబడ్డ పెద్దింట్లమ్మ, గిలకలదిండి మనిషి, ఇటు తిరిగింది.

"సముద్రం ఉన్నచోటే ఉంది నాయనా. పొద్దున్న అక్కణ్ణించే వచ్చాను. ఆ పడవ మాదే. అది కదల్లేదు. నీ ట్రాక్టరే కూరుకుపోయింది. పడవ సంగతి వదిలేసి మేమంతా నీ బండికి మోకులు కట్టి లాగాం."

కొట్టంతా నవ్వింది. కృపావరం గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అంకమ్మరావుగారు ఆమెనే అడిగారు.

"ఇంజన్లోకి ఉప్పునీళ్లు పోయాయా అమ్మా?"

"పోనిస్తేగా బాబూ. పోటెక్కుతోంది, వచ్చెయ్యమంటే రాలేదు. ఇంజను ఆపేసి, గాలి పీల్చే గొట్టం మూతికి తన చొక్కా చుట్టి, మేం లాగినంతసేపూ ఛాతీ లోతు నీళ్లలో దాన్ని రెండు చేతుల్తో అదిమి పట్టుకుని నిలబడ్డాడు. ఈత రాదంట, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఒడ్డుకొచ్చాక వణికిపోతూ మంచినీళ్లడిగాడు. బిందెడు తెచ్చిస్తే ఒక్క గుక్క తాగలేదు. అన్నీ బండి మీద పోసి ఉప్పు కడిగాడు. అది చాల్లేదని ఊళ్లో ఆడోళ్లందరిచేతా బిందెలు మోయించాడు. ఆ సాయంత్రమే ఇంజను పలికింది. మా పడవ మాత్రం అమావాస్య పోటు దాకా అక్కడే ఉంది."

ఈసారెవరూ నవ్వలేదు. వెంకటస్వామి కూడా పాలు పొంగుతున్నాయని మర్చిపోయి అతనివైపే చూస్తున్నాడు.

అంకమ్మరావుగారు కండువా భుజాన వేసుకుని లేచారు. "సోమవారం బండి తెచ్చుకోవడానికి వెళ్తున్నాను. నువ్వూ రా." రెండడుగులు వేసి ఆగారు. "అది సరే గానీ, ఇందాకట్నించీ ఇన్ని చెప్పావు, ఇది చెప్పవేమయ్యా?"

కృపావరం ఆయనవైపు నిజంగానే అర్థం కానట్టు చూశాడు.

"ఇందులో చెప్పడానికేముందండీ," అన్నాడు.