డైమండ్ బాయ్స్ పోస్టర్లో లేని మనిషి

"తాతయ్యా, రికార్డింగ్ ఆన్ చేశా. ఆ డైమండ్ బాయ్స్ పుస్తకం మీరెందుకు రాశారు, ఎట్టా రాశారు, మొదట్నించీ చెప్పండి."

మొదట్నించా? అయితే ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, లేకపోతే నీ ఫోన్లో నా మాట బదులు గాలే వినపడుద్ది. ఆఁ, చాలు. ఇంతకీ ఈ రికార్డు ఎవరన్నా వింటారా? వింటే వినమను, నాకేం.

నేనంటే నీకు తెలుసు గానీ, వినేవాళ్ళకి తెలియాలిగా. జగ్గయ్యపేటలో ప్రెస్సు మూర్తి అంటే నేనేనండి. మా నాన్నగారి తర్వాత నలభై ఏళ్ళు ఆ ప్రెస్సు నడిపా. శుభలేఖలు, కరపత్రాలు, వాల్ పోస్టర్లు, చనిపోయినోళ్ళ పెద్దకర్మ కార్డులు, అన్నీ. రాసినోణ్ణి కాదమ్మా, ఇతరులు రాసింది అచ్చేసినోణ్ణి. మీ నాయనమ్మ ఇప్పటికీ అంటది, "మీరు పుస్తకం రాయటమేంటండీ, ఉత్తరమే సరిగ్గా రాయరుగా" అని. నిజమే. పెళ్ళైన కొత్తలో ఆవిడ పుట్టింటికి పోతే ఒక్క కార్డు ముక్క రాశా. అందులో కూడా "ఇట్లు" తర్వాత సంతకం మర్చిపోయా.

సరే, బ్యాండు. ఇప్పుడు మీరు రాక్ బ్యాండ్ అంటారే, అదే. అప్పుడు మాకా మాట తెలీదు, గిటారు పార్టీ అనేవాళ్ళం. వానలు పడగానే మనవైపు చేలల్లో జనం వజ్రాలు దొరుకుతాయని నేల మీద కళ్ళేసుకుని తిరుగుతారుగా, అందుకని డైమండ్ బాయ్స్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరూ నేనే పెట్టా అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. విచారిస్తే కాదని తేలింది. చూశావా, పుస్తకం రాయడం మొదలుపెట్టగానే నా చేతిలోదే ఒకటి పోయింది.

పాడేవాడు శేషు. రైసుమిల్లు వాళ్ళబ్బాయి, నా క్లాస్‌మేటు. జుట్టు ఇదిగో, ఇక్కడిదాకా. నందిగామ అన్నదమ్ములిద్దరు గిటార్లు. ఆర్గను వాయించేది ఒక మాస్టారి కొడుకు. అబ్బో, వాళ్ళు స్టేజి ఎక్కితే ఖమ్మం నుంచి బెజవాడ దాకా జనం బండ్లు కట్టుకొచ్చేవాళ్ళు. టీ పావలా అప్పుడు... కాదు కాదు, పావలా అంతకు ముందు, అప్పటికి అర్ధరూపాయి. పెళ్ళిలో డైమండ్ బాయ్స్ ఉన్నారంటే పెళ్ళికొడుకుని ఎవరూ చూసేవాళ్ళు కాదు. పెళ్ళికూతురు కూడా గిటారు వంకే చూసేదని ఒక సామెత లాగా చెప్పుకునేవాళ్ళు.

ఇంక పుస్తకం అంటావా, శేషే అడిగాడు. రోజూ పొద్దున్నే ఇద్దరం కాలేజీ గ్రౌండులో నడిచేవాళ్ళం, మోకాళ్ళ నొప్పులు పంచుకుంటా. ఒకరోజు, "మూర్తీ, మన బ్యాండు గురించి ఒక పుస్తకం వెయ్యరా. పోయేలోపు చూసుకుంటా" అన్నాడు. వాట్సాప్‌లో పిల్లకాయలు ఏదేదో రాస్తున్నారంట, డైమండ్ బాయ్స్ లండన్ వెళ్ళారని, అక్కడ దొరలు లేచి నిలబడ్డారని. లండన్ ఏంటమ్మా, వాళ్ళు మద్రాసే వెళ్లలా. సరే రాస్తా గానీ, రాస్తే నిజమే రాస్తా అన్నా. "రాయి, మనకేం భయం" అన్నాడు. గుర్తుపెట్టుకో, ఆ మాట వాడిదే.

ఇంక చూడూ, మోపెడ్ వేసుకుని రెండేళ్ళు తిరిగా. నందిగామ, పెనుగంచిప్రోలు, వత్సవాయి. ఎవర్నడిగినా బ్యాండు గురించి చెప్పేవాళ్ళే. కాకపోతే సంవత్సరం మాత్రం అడక్కూడదు. "ఎప్పుడండీ అది?" అంటే, "మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు" అంటది ఒకావిడ. ఇంకో ఆయన, "మున్నేరు పొంగిన ఏడు" అంటాడు. ఏ పొంగండీ అంటే, "పెద్ద పొంగు." అది ఎప్పుడొచ్చిందండీ అంటే, "అదేగా, డైమండ్ బాయ్స్ వచ్చినప్పుడు!" ఇంకేం రాసుకోను?

ఇంకోటి. డైమండ్ బాయ్స్ మొట్టమొదటి ప్రోగ్రాం ఎవరింట్లో? పదకొండు ఇళ్ళవాళ్ళు మా పెళ్ళిలోనే అన్నారు. పదకొండు! కానీ వాళ్ళకు తెలీంది ఏంటంటే, మా ప్రెస్సులో ఒక అలవాటుంది. అచ్చేసిన ప్రతిదాంట్లోంచీ ఒకటి తీసి ఆఫీసు కాపీ అని దాచటం, మా నాన్నగారి నాటి నుంచీ. గోనెసంచుల్లో, పైన అటక మీద. ఎలకలు తిన్నవి తినగా బోలెడున్నాయి. ఇంటికొచ్చి ఆ శుభలేఖలు తీయటం, ముహూర్తం తేదీ చూడటం, పోస్టర్లు పక్కన పెట్టుకుని సరిచూడటం. కోర్టులో ప్లీడరు లాగా ఉండేవాణ్ణి.

పెనుగంచిప్రోల్లో రాజ్యలక్ష్మి గారని ఒకావిడ. మా పెళ్ళిలో శేషు మోకాళ్ళ మీద కూర్చుని పాడాడండీ అని కళ్ళు తుడుచుకుంది కూడా. తీరా శుభలేఖ తీస్తే, ఆవిడ పెళ్ళి నాటికి బ్యాండే పుట్టలా. మళ్ళీ వెళ్ళి చూపించా, నా తెలివికి నేనే మురిసిపోతా. ఆవిడ కార్డు చూసింది, నా మొహం చూసింది. "అయితే మా మరిది పెళ్ళి అయ్యుంటది. దానికింత దూరం ఎండలో రావాలా? మజ్జిగ తాగి వెళ్ళండి" అంది. తాగా. కానీ ఆవిడ సాగనంపటానికి గేటు దాకా రాలా. నాకప్పుడు ఒకటే పొగరు, మనిషి మర్చిపోతాడు, అచ్చు మర్చిపోదు అని. అందరికీ ఇదే చెప్పేవాణ్ణి. మీ నాయనమ్మకి చెప్పీ చెప్పీ విసిగించా.

ఆ పొగరు వత్సవాయిలో దిగిందమ్మా.

అక్కడ పత్తి రైతులు, భార్యాభర్తలు. వాకిట్లో మంచం వేశారు, టీ ఇచ్చారు. నేను పాత పోస్టరు తీసి మంచం మీద పరిచా. ఆవిడ వంగి చూసి, ఒక్కొక్కళ్ళ పేరూ చెప్పి, "మరి డ్రమ్ముల అబ్బాయి ఏడండీ?" అంది. నేను నవ్వి, "డ్రమ్ములకు వేరే మనిషి లేడమ్మా. చూడండి, పోస్టర్లో నలుగురే. నా దగ్గర అన్ని పోస్టర్లూ ఉన్నాయి, అన్నిట్లో నలుగురే" అన్నా. ఆవిడ నా వంక చూసి, "అయితే డ్రమ్ములు వాటంతటవే మోగినయ్యా?" అంది.

టీ నోట్లోనే ఉండిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు.

మర్చిపోయానని చెప్పనమ్మా. మర్చిపోయినట్టు బతికా. రెండూ ఒకటి కాదు. యాకోబు. డ్రమ్ములు యాకోబు. వీరులపాడు వైపు మనిషి. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళ ముందు డప్పు కొట్టేవాడు. డప్పు కొట్టేవాళ్ళని ఆ రోజుల్లో గుమ్మం ఇవతలే ఉంచేవాళ్ళు, భోజనం కూడా వేరే. స్టూడియోలో గ్రూపు ఫోటో తీస్తే ఐదుగురూ ఉన్నారు. యాకోబు కుడి అంచున నిలబడ్డాడు. నందిగామలో ఒక పెద్దింటి పెళ్ళి కుదిరింది. శేషు ప్రెస్సుకొచ్చి, "మూర్తీ, యాకోబు అంచునే ఉన్నాడుగా, వాడు లేకుండా బ్లాకు చేయించు. పెళ్ళివాళ్ళు ఏమన్నా అనుకుంటారు. వాయించటం ఎట్టాగూ వెనకాల కూర్చునేగా" అన్నాడు.

నేను ఎందుకని కూడా అడగలా. కాగితం కోసే కత్తెర బల్ల మీదే ఉంది. ఒక్క కోత. అది బెజవాడ పంపించి బ్లాకు, అదే, బొమ్మ అచ్చెయ్యటానికి లోహపు రేకు, చేయించా. అది ఒక్క పెళ్ళికేనా? ఆరేళ్ళు అదే బ్లాకు. పేర్లు కూడా నాలుగే పేర్చా. ఐదో పేరు వేస్తే నాలుగు బొమ్మలకి ఐదు పేర్లేంటని అడుగుతారుగా.

తర్వాత అదే పోస్టరు చూసుకుని, నేనే, నా పుస్తకంలో బ్యాండుకి నలుగురు అని రాసుకున్నా! నేను కోసిందాన్నే నేను సాక్ష్యం తెచ్చుకున్నా. పాపం ఆ రాజ్యలక్ష్మి గారు పెళ్ళి మార్చి చెప్పింది గానీ, మనిషిని తీసెయ్యలేదుగా. సిగ్గేసిందమ్మా. ఇన్నేళ్ళలో అంత సిగ్గు నాకెప్పుడూ వేయలా.

సరే, ఉన్నదున్నట్టు రాశా. శేషు వచ్చి చెప్పాడు, నేను కోశా. నాలుగు పేజీలు. శేషుకి చూపించా. గ్రౌండులో బెంచీ మీద కూర్చుని చదివాడు. చదివి, "ఇది తీసెయ్" అన్నాడు. నిజమే రాయమన్నావుగా అన్నా. "రోజులట్టాంటివిరా. నేను చేయకపోతే పెళ్ళే పోయేది, వాడికీ పని పోయేది. నా మనవలు చదువుతార్రా దీన్ని" అన్నాడు. నా మనవరాలూ చదువుద్ది శేషూ, కోసింది నేనని రాసుకున్నా చూడు అన్నా. "ఈ పేజీలుంటే నేను పుస్తకం ఫంక్షన్‌కి రాను. నీ మొహం కూడా చూడను" అని లేచిపోయాడు. అరవై ఏళ్ళ స్నేహం అమ్మా. మర్నాటి నుంచీ నేనొక్కణ్ణే నడక. రెండు రౌండ్లకే ఆయాసం వచ్చేది. మాట్లాడే మనిషి లేకపోతే గ్రౌండు పెద్దదైపోద్ది.

ఏం చేయాలో తోచక ఆ పేజీలు పట్టుకుని వీరులపాడు వెళ్ళా. యాకోబు వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు. జుట్టంతా నెరిసింది, చేతులు మాత్రం అవే, ఊరికే ఉండవు. ఆదివారం చర్చిలో డ్రమ్ములు ఇప్పటికీ ఆయనే. అన్నేళ్ళూ ఏరా అనే పిలిచా గానీ, ఆ రోజు నోరు రాలా. "బాగున్నారా" అన్నా. ఆయనే నవ్వాడు, "ఏంటి మూర్తిగారూ, కొత్తగా?" అని.

కళ్ళజోడు లేదంట, నన్నే చదవమన్నాడు. నా తప్పు నేనే, ఆయన ముందు, పైకి చదివా. ఫోటోలోంచి తీసేశారని తెలిసి యాకోబు కుమిలిపోయాడు, ఏడ్చాడు అని రాశాలే, కాస్త గుండె కదులుద్దని. అక్కడ ఆపాడు.

"ఏడ్చానని మీకెవరు చెప్పారండీ?"

ఎవరూ చెప్పలా అన్నా.

"మరి తీసెయ్యండి. నేను ఏడవలా. ఆ పోస్టర్లు నందిగామ అంతా అంటించింది నేనేనండీ. మైదా జిగురు బకెట్టు, నిచ్చెన, నేనే. మొదటి గోడకే చూశా, నేను లేను. చూసి, అంటించా. మిగతావి కూడా అంటించా. రాత్రికి వాయించా. అది రాయండి. ఏడుపు కన్నా అది ఎక్కువ."

అక్కడే పెన్ను తీసి ఆ ఏడుపు కొట్టేశా. నిజం రాస్తున్నా అని బయల్దేరి, క్షమాపణలో కూడా అబద్ధం కలిపా, చూడు. మెల్లగా అడిగా, శేషు ఈ పేజీలు తీసెయ్యమంటున్నాడు, మీరేమంటారు అని. "ఇంకోసారి తీస్తారా?" అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత ఆయనే, "ఉంచండి. శేషు బాబు మంచి పాటగాడని కూడా ఉంచండి, అదీ నిజమే. ఇంకోటి రాయండి. జనం ఈలలేస్తే నాకు చెయ్యి ఆగేది కాదు, స్పీడెక్కించేసేవాణ్ణి. శేషు బాబుకి ఊపిరాడేది కాదు. చాలాసార్లు పాట చెడగొట్టా. నిజం అన్నారుగా, నాదీ వెయ్యండి" అన్నాడు. సంచీలో ఒక కిలో ఎండుమిరపకాయలు పోసి మరీ పంపించాడు. మీ నాయనమ్మ పచ్చడికి వాడింది, కారం అదిరిపోయింది.

పుస్తకం వచ్చింది. జగ్గయ్యపేటలోనే చిన్న హాల్లో ఫంక్షన్ పెట్టాం. శేషు రాలా. వాడి కుర్చీ వాడికే ఉంచా, ఎవర్నీ కూర్చోనివ్వలా. యాకోబు వచ్చి ఆఖరి వరసలో కూర్చుంటే నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తెచ్చా. మాట్లాడమంటే, "నాకు మాటలు రావండీ, కావాలంటే వాయిస్తా" అన్నాడు. ఎవరూ డ్రమ్ములు తెప్పించలా! అదీ మన తెలివి. ఆయన ఆ బల్ల మీదే చేతుల్తో మొదలెట్టాడు. మంచినీళ్ళ గ్లాసులన్నీ ఎగురుతున్నాయి. వత్సవాయి ఆవిడ ఈల కూడా వేసింది. నిజంగానే స్పీడెక్కించాడమ్మా, ఎవరూ చప్పట్లు అందుకోలేకపోయారు. నేను నవ్వుతానే ఉన్నా గానీ, కళ్ళు ఆగలా. నాకు ఏడుపొచ్చిందని మాత్రం రాసుకో. అది నిజమే.

శేషా? ఎనిమిది నెలలు మాటల్లేవు. మిల్లు ముందు నుంచి వెళ్తే లోపలికి పోయేవాడు. పుస్తకం చదివాడో లేదో కూడా తెలీదు. మొన్న ఆషాఢంలో, మధ్యాహ్నం అన్నం తింటున్నా, ఫోన్ మోగింది. వాడి పేరు చూసి ముద్ద కింద పెట్టేశా. హలో అన్నా. పలకరింపు కూడా లేకుండా అడిగాడు.

"వీరులపాడులో వాడి ఇల్లెక్కడరా?"

చర్చి పక్క సందులో అని చెప్పా. పెట్టేశాడు.

వెళ్ళాడా అంటావా? నాకు తెలీదమ్మా. యాకోబుని అడగలా, శేషుని అడగలా. తెలీంది తెలిసినట్టు చెప్పకూడదుగా, ఆ ముక్క ఇంత వయసొచ్చాక నేర్చుకున్నా. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు.

నువ్వు కూడా రాస్తావుగా రేపు, ఎవరి గురించో ఒకరి గురించి. బాగా రాయి. నువ్వు తప్పు రాస్తే అది కాదండీ అని మొహం మీదే చెప్పే మనిషి బతికుండగానే నీకు దొరకాలమ్మా, చల్లగా ఉండు... ఆ, ఇంక ఆపెయ్ అది. నాయనమ్మ పిలుస్తున్నట్టుంది...