తెల్లదోమ పట్టిన చేను

పంజాబ్‌లోని మాన్సా దగ్గర పత్తిచేను గట్టు మీద, పురుగుమందు పంపు వీపున తగిలించుకున్న భర్తకు ఏడు నెలల గర్భిణి అడ్డం నిలబడింది.

"తప్పుకో! తెల్లదోమ చేనంతా కమ్మేసింది."

"వేపకషాయం కొట్టాంగా సర్దార్‌జీ, మూడ్రోజులు ఆగండి. అక్షింతల పురుగులొచ్చి దోమను తింటున్నాయి. మందు కొడితే అవీ చస్తాయి."

"ఆగితే పత్తి మిగలదు."

"నిరుడు ఈ మందు కొట్టొచ్చేగా మీ తమ్ముడు జగ్తార్ మంచానపడ్డాడు!"

"వాడు ముక్కుకి గుడ్డ కట్టుకోలేదు."

"మీరు కట్టుకున్నారుగా. మరి చేతులెందుకు వణుకుతున్నాయి?"

అతను చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"బైసాఖీ పండగ నుంచి. బెదురుతావని చెప్పలేదు."

"రేపు బిడ్డను ఎత్తుకోవాల్సిన చేతులండీ అవి. ఆ పంపు దించండి."

అతను పంపు దించాడు. "పంట పోతే?"

"నాకూ భయమే. ముందు ఆస్పత్రికి పదండి," అంటూ ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.